పడిపోయే ప్రమాదం: లేదు

ఆ ఉదయం షావుకారు చేతిలో ఉన్న సరుకు చాలా తక్కువ. ఒక చావు, ఒక సూదిమందు, జైలు గుమ్మం దాకా వచ్చిన ఒక నర్సు, ఆ నర్సు తరఫున పోట్లాడటానికి ఆమె అత్తగారు. గడువు మధ్యాహ్నం వరకే. భోజనాల వేళ దాటితే ఇన్‌స్పెక్టరు నర్సును కోర్టుకు తీసుకెళ్తాడు. ఆ తర్వాత ఎంత నిజం తెచ్చి కుమ్మరించినా పాతసరుకు ధరే పలుకుతుందని షావుకారుకు తెలుసు.

ఆయన డిటెక్టివ్‌గా బతుకు మొదలుపెట్టినవాడు కాదు. ఇరవై ఏళ్ళు ఆసుపత్రులకు దూదీ, గాజుగుడ్డా, చేతితొడుగులూ అమ్మాడు. ఏ బస్తా ఎక్కడ తరుగు పోయిందో, ఎవరి చేతివాటమో కనిపెట్టడం అలవాటైంది. చివరికి ఆ అలవాటే వృత్తి అయింది. కొట్టు మూసేసినా పేరు మాత్రం ఒంటిని పట్టుకుని వదల్లేదు.

ఆసుపత్రి వసారాలో అత్తగారు ఆయనకు అడ్డం వచ్చింది.

"ఒక్క మాట వినండి బాబూ. మా కోడలు పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోతుంది. తాళంచెవులు మర్చిపోతుంది. నా పుట్టినరోజైతే ఏటా మర్చిపోతుంది. కానీ సూది వేసేముందు అడగడం మాత్రం మర్చిపోదు. నాకు జ్వరమొస్తే, ఏ మందుకైనా దద్దుర్లు వస్తాయా అని నన్నే మూడుసార్లు అడుగుతుంది. నేను కసురుకున్నా సరే."

"అయితే మీ ఇద్దరూ తల్లీకూతుళ్ళలా ఉంటారన్నమాట."

"ఎవరు చెప్పారు? రోజూ రణరంగమే. అది మా ఇంటి గొడవ. బయటివాడెవడో వచ్చి నా కోడల్ని హంతకురాలంటే నేను చూస్తూ కూర్చుంటానా?"

షావుకారు మనసులోనే తూకం వేశాడు. ప్రేమతో చెప్పే సాక్ష్యం తేలిక. రోజూ పోట్లాడే మనిషి ఇచ్చే సాక్ష్యం బరువు.

నర్సును మందుల గదిలో కూర్చోబెట్టారు. తలుపు దగ్గర ఒక ఆడ కానిస్టేబుల్ కాపలా. నర్సుకు ముప్పై ఏళ్ళుంటాయి. రాత్రంతా ఏడ్చినట్టు లేదు, ఏడవడం ఎలాగో మర్చిపోయినట్టుంది.

"ఆ చనిపోయిన పెద్దావిడ ఇక్కడికి వచ్చినప్పుడు స్పృహలో ఉందా అమ్మా?" షావుకారు స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు.

"ఒళ్ళు కాలిపోతోంది సార్. మెట్లమీంచి పడి కాలు చీరుకుపోయింది. ఇంట్లోనే కట్టు కట్టుకుని ఊరుకుందట, పుండు చెడింది. బట్టలు కుట్టే ఆవిడ. ఏం అడిగినా కుట్టుమిషను గురించే మాట్లాడింది. ఎవరికో చొక్కా ఇచ్చెయ్యాలి, గుండీలు కుట్టలేదు అంటూ."

"ఇంటివాళ్ళు?"

"కూతురు పొరుగూళ్ళో ఉంది, అప్పటికి రాలేదు. పక్కింటాయన దించి వెళ్ళాడు. అందుకే వల తెరిచాను."

వల అంటే ఆ రాష్ట్రంలోని ఆసుపత్రులన్నిటినీ ఒక్క తీగకు కట్టిన పథకం. ఏ ఊళ్ళో చూపించుకున్న జబ్బైనా, ఏ ఊరి ఆసుపత్రి తెరమీదైనా కనిపిస్తుంది. మొదట పెద్ద ఆసుపత్రులను కలిపారు. ఈమధ్యే వీధి చివరి క్లినిక్కులనూ గంపగుత్తగా చేర్చడం మొదలుపెట్టారు. చచ్చిపోయిన పెద్దావిడ ఏళ్ళ తరబడి చూపించుకున్నది అలాంటి ఒక క్లినిక్కులోనే.

"తెరమీద ఏం కనిపించింది? నీ సొంత మాటలొద్దు. ఉన్నది ఉన్నట్టు చెప్పు."

నర్సు కళ్ళు మూసుకుంది. "మందుల ఎలర్జీ అన్న గడి ఖాళీ. ఇదివరకు వాడిన మందులు అన్న గడిలో పెన్సిలిన్. డాక్టరుగారికి అదే చదివి వినిపించాను. వాడిన మందే కదా, వేసెయ్యమన్నారు."

"చర్మం కింద చుక్క వేసి చూడాలి కదా? నేను ఈ గదుల చుట్టూ తిరిగినవాణ్ణేనమ్మా, నాకూ తెలుసు."

"వల వచ్చాక కొత్త రూలు సార్. ఇదివరకు వాడిన మందైతే మళ్ళీ పరీక్ష చెయ్యకూడదు. టైమూ ఖర్చూ కలిసొస్తాయని." ఆమె తన మణికట్టు చూసుకుంది. "సూది బయటికి తీసేలోపే నా చెయ్యి పట్టుకుంది. ముఖం ఉబ్బిపోయింది. డాక్టరుగారు చెయ్యాల్సిందంతా చేశారు. ఇంతలోనే అయిపోయింది."

"చనిపోయాక వలలో ఆవిడ కాగితం మళ్ళీ తెరిచావట?"

"తెరిచాను."

"ఎందుకు?"

"నా కళ్ళే తప్పు చదివాయేమోనని సార్. తప్పు నాదేనని తేలితే, కనీసం... ఏదో ఒకటి అర్థమైనట్టుంటుంది కదా. కానీ మళ్ళీ అదే కనిపించింది."

వెనకనుంచి ఎవరో చప్పట్లు కొట్టారు. ఇన్‌స్పెక్టరు తలుపుకు ఆనుకుని నిలబడి ఉన్నాడు.

"బాగా చెప్పింది. నాకే కన్నీళ్ళొచ్చాయి. ఏం షావుకారూ, దూది అమ్ముడుపోవడం లేదని చెవుల్లో పెట్టుకు తిరుగుతున్నావా?"

"నీ అరుపులకు అదే మందు ఇన్‌స్పెక్టరుగారూ."

"అయితే దూది తీసి విను. ఆవిడ కూతురు ఏమంటోంది? మా అమ్మకు పెన్సిలిన్ అంటే ప్రాణాంతకం అంటోంది. పాత క్లినిక్కు డాక్టరు ఏమంటున్నాడు? నా చేత్తో నేనే రాసిపెట్టానంటున్నాడు. అక్కడ రాసింది ఇక్కడ లేదు. వల డైరెక్టరుగారు స్వయంగా ఫిర్యాదు ఇచ్చారు. చావుకు ముందూ, చావు తర్వాతా ఆ కాగితాన్ని తెరిచింది ఈమె ఒక్కతే. ముందు చూడకుండా పొడిచింది, తర్వాత తెరిచి చెరిపేసింది. ఇందులో నీ బుర్రతో పనేముంది?"

"చెరిపేస్తే ఎలర్జీ ఒక్కటే చెరుపుతుంది. వాడిన మందుల్లో పెన్సిలిన్ అని కూడా రాసిందా?"

"తెలివైనది. రెండూ చేసింది."

ఇన్‌స్పెక్టరు లెక్క మరీ తీసిపారేసేది కాదు. షావుకారు దాన్ని మనసులోనే పక్కన పెట్టి లేచాడు. "ఆ మంచం ఒకసారి చూస్తాను. నువ్వూ రా, లేకపోతే దుప్పటి ఎత్తుకుపోయానంటావు."

మంచం ఇంకా అలాగే ఉంది. చీటీ తగిలించి తాడు కట్టారు. షావుకారు మందుసీసాలు చూడలేదు, సిరంజీ చూడలేదు. అవన్నీ పోలీసులు చూసిన సరుకే. మంచం పక్కన ఉండే కడ్డీని చూశాడు. అది దించి ఉంది. మంచం కాళ్ళదగ్గర ఆకుపచ్చ బిళ్ళ వేలాడుతోంది.

"పక్క మంచాలకు పసుపు బిళ్ళలున్నాయి. దీనికి పచ్చబిళ్ళేమిటమ్మా?"

కానిస్టేబుల్‌తో వెంట వచ్చిన నర్సు తాడు అవతలినుంచే చెప్పింది. "పసుపు అంటే మంచమ్మీంచి పడిపోయే ప్రమాదం ఉన్నవాళ్ళు సార్. వాళ్ళకు కడ్డీ ఎత్తాలి. పచ్చ అంటే ఆ భయం లేదని. వలలో ఎలా ఉంటే అలా తగిలిస్తాం."

పక్కనున్న కంప్యూటరు తెరను ఇన్‌స్పెక్టరు కళ్ళముందే ఆమె తెరిచింది. అన్నీ ఆమె చెప్పినట్టే ఉన్నాయి. కిందికి జరిపితే ఇంకొక వరుస కనిపించింది. పడిపోయే ప్రమాదం: లేదు.

షావుకారు ఆ వరుసను రెండుసార్లు చదివాడు. "మెట్లమీంచి పడి కాలు చీరుకుని వచ్చిన మనిషికి పడిపోయే ప్రమాదం లేదా? ఇది ఎవరు నింపారు?"

"మేం నింపలేదు సార్. క్లినిక్కు నుంచి వచ్చిందే."

"క్లినిక్కు డాక్టరు కుట్టుపని చేసే ఆవిడ పడుతుందో పడదో ఎందుకు రాస్తాడు? ఆయనకు మంచాలే లేవు."

"అబ్బబ్బ," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "మనిషి సూదితో చచ్చింది. ఆవిడ మంచమ్మీంచి పడలేదేమని నువ్వు కేసు పెడతావా?"

 బస్తా తూకం సరిపోయినా, కుట్టు తేడాగా ఉంటే షావుకారు బస్తా విప్పి చూసే రకం. వల తీగలన్నీ వచ్చి చేరే గది అదే ఆసుపత్రిలో వెనకవైపు ఉంది. చుట్టుపక్కల క్లినిక్కులన్నిటి నకలు అక్కడే ఉంటుంది. అక్కడికి నడిచాడు. ఇన్‌స్పెక్టరు తిట్టుకుంటూ వెంట వచ్చాడు.

గది చల్లగా ఉంది. ఇనప బీరువాల్లో యంత్రాలు గుయ్యిమంటున్నాయి. అక్కడి అధికారిణిని అందరూ తీగల మేడమ్ అంటారు. కొత్త క్లినిక్కులను కలిపే బాధ్యత ఆమెదే. మొదట ముఖం చిట్లించింది గానీ, పని గురించి అడిగేసరికి కూర్చోమంది.

"ఎంత సరుకు దించుకున్నారు మేడమ్?"

"సరుకా?" ఆమె నవ్వింది. "రెండు వందల క్లినిక్కులు కలిపాం. అంతా పాత చేతిరాత కాగితాలు. ఫొటో తీసి యంత్రానికి ఇస్తాం. అది చదివి, అర్థం చేసుకుని, ఏ మాట ఏ గడికి చెందుతుందో ఆ గడిలో వేస్తుంది. మనుషులు కూర్చుంటే పదేళ్ళ పని."

"తర్వాత మనిషెవరైనా సరిచూస్తారా?"

"చదివిన మాటలన్నీ ఏదో ఒక గడిలో పడితే అక్కర్లేదని డైరెక్టరుగారి ఆర్డరు."

"పాత కాగితాలు?"

"గుజ్జు చేయించారు. స్థలం లేదన్నారు. ఫొటోలూ ఉంచలేదు."

షావుకారు తెర వైపు వంగాడు. "పడిపోయే ప్రమాదం లేదని యంత్రం ఏ మాట చూసి అనుకుందో తెలుస్తుందా?"

"పక్కన ఒక మూల వరుస ఉంటుంది. యంత్రం చదివిన అసలు మాట అందులో పడి ఉంటుంది. ఎవరూ చూడరు."

అంతలో ఇన్‌స్పెక్టరు విసిగిపోయాడు. యంత్రాల బీరువాకు వీపు ఆనించి గొంతు పెంచాడు. "చాలించు షావుకారూ! నువ్వు నా కేసులో వేలు పెట్టడం ఇది ఎన్నోసారి? నాకూ నీకూ పడదు. ఊరందరికీ తెలుసు. పడదంటే పడదు!"

షావుకారు ఠక్కున ఆగిపోయాడు.

"ఏమన్నావు?"

"పడదన్నాను. ఇంకోసారి అనమంటావా?"

"మేడమ్," షావుకారు గొంతు మారింది. "ఆ మూల వరుస తెరవండి. కుట్టుపని చేసే ఆవిడది."

ఆమె తెరిచింది. తెరమీద ఒకే ఒక్క మాట కనిపించింది.

పడదు.

 అర్థం కానిది ఇన్‌స్పెక్టరు ఒక్కడికే. "పడదు. సరే. ఆవిడ పడిపోదని. అయితే ఏంటట?"

"డాక్టరు ఆవిడ గురించి రాయలేదయ్యా. పెన్సిలిన్ గురించి రాశాడు. పెన్సిలిన్ పడదు. మనం రోజూ అనేదే కదా, నాకు ఆ మందు పడదు, నాకు చల్లనీళ్ళు పడవు అని. యంత్రం దాన్ని రెండు ముక్కలు చేసింది. పెన్సిలిన్ అన్న ముక్కను వాడిన మందుల్లో వేసింది. పడదు అన్న ముక్కను చూసి, మనిషి కిందపడదు కాబోలు అనుకుని, పడిపోయే ప్రమాదం లేదని రాసింది."

 తీగల మేడమ్ తల అడ్డంగా ఊపింది. "కాదు. అలా... కాదు. ఆడమనిషి కదా, నిజంగానే ఆవిడ పడదనే రాసి ఉండొచ్చు."

"ఉండొచ్చు. అందుకే మగవాళ్ళవి తియ్యండి. పడిపోయే ప్రమాదం లేదని ఉన్న మగవాళ్ళవి. ఆ మూల వరుసతో సహా."

ఆమె మీటలు నొక్కింది. వరుసలు దిగాయి. ఒక వడ్రంగి. పడదు. ఒక బడిపంతులు. పడదు. ఒక లారీ డ్రైవరు. పడదు. పడదు. పడదు.

"మగవాడు కిందపడకపోతే పడడు అంటారమ్మా," అన్నాడు షావుకారు మెల్లగా. "పడదు అని ఎవరూ అనరు. అనేది మందునే."

ఇన్‌స్పెక్టరు గోడవారనున్న కుర్చీ చేత్తో తడుముకుని పట్టుకున్నాడు. కూర్చోలేదు. "ఎంతమంది?" అన్నాడు. 

మేడమ్ లెక్క తీసింది. తెర కింద అంకె వచ్చి నిలిచింది. నలభై రెండు వేల పైచిలుకు.

నలభై రెండు వేలమంది. ఒకరికి పెన్సిలిన్, ఒకరికి సల్ఫా, ఒకరికి నొప్పి బిళ్ళ. ఏది తగిలితే ప్రాణం పోతుందో, సరిగ్గా అదే మందు 'ఇదివరకు వాడినది, పరీక్ష అక్కర్లేదు' అని రాష్ట్రమంతటా తెరలమీద వెలుగుతోంది. షావుకారు బతుకంతా లెక్కలు చూసినవాడు. ఈ అంకెను మాత్రం ఏ వైపు రాసుకోవాలో ఆయనకు తెలియలేదు. 

"ఇదేమిటి?" మేడమ్ తెర పైభాగాన్ని వేలితో చూపింది. "ఈ వెతుకులాటే ఇదివరకు ఒకరు చేశారు. ఇదే మాటతో. పోయిన నెలలో. పూర్తి జాబితా దించుకున్నారు."

"ఎవరు?"

ఆమె చదివి, మళ్ళీ చదివి, ఇన్‌స్పెక్టరు వైపు తిరిగింది. "మీకు ఫిర్యాదు ఇచ్చినాయనే. డైరెక్టరుగారు."

ఇన్‌స్పెక్టరు ముఖంలో రక్తం లేదు. "పోయిన నెలలోనా? అంటే ఆవిడ చావకముందే తెలుసా?"

"తెలుసు. తెలిసీ ఇంకా క్లినిక్కులు కలుపుతూనే ఉన్నాడు," అన్నాడు షావుకారు. "బయటపడితే వల మూతపడుతుంది, ఆయన కుర్చీ పోతుంది. ఒక నర్సు పోతే ఆయనకేం పోయింది?"

"ఆయన తెచ్చిన కాగితం మీద నేను సంతకం పెట్టాను." ఇన్‌స్పెక్టరు ఎవరితోనో కాదు, తనతోనే అనుకున్నట్టు అన్నాడు. "టీ కూడా తాగాడు నా గదిలో."

అప్పుడే మేడమ్ కేక పెట్టింది. "అంకె తగ్గుతోంది!"

నలభై రెండు వేలు నలభై అయింది. ముప్పై ఎనిమిదైంది. తెరమీద మూల వరుసల్లో 'పడదు' అన్న మాట ఒక్కొక్కటే మాయమై తెల్లటి ఖాళీ మిగులుతోంది. మనం వెతికిన సంగతి వల పెద్దాఫీసుకు తెలిసిపోయింది, అక్కడినుంచే చెరిపేస్తున్నారు, అని ఆమె గబగబా చెప్పింది. ఆపబోతే యంత్రం ఆమె మాట వినలేదు. ఆమె అధికారం అప్పటికే లాగేశారు.

"మందు పేరు అలాగే ఉండిపోతుంది," అన్నదామె ఏడుపు గొంతుతో. "పడదు అన్నది పోతుంది. కాగితాలు లేవు, ఫొటోలు లేవు. ఇక ఎవరికి ఏది పడదో చెప్పేది లోకంలో ఇంకేదీ లేదు!"

"తీగ పీకితే?"

"ఇక్కడి నకల్లో చెరగడం ఆగిపోతుంది! ఆ లావు నల్లతీగ, బీరువా వెనక!"

బీరువాకు అడ్డంగా ఇన్‌స్పెక్టరు ఉన్నాడు. షావుకారు ఆయన్ను తోసుకుని వెళ్ళలేడు, చోటు లేదు.

"లాగవయ్యా!"

"అది సర్కారు ఆస్తి. లాగితే నా ఉద్యోగం..."

"ముప్పై వేలకొచ్చింది!"

"నేను లాగితే నేను కూడా..."

"ఇరవై!"

ఇన్‌స్పెక్టరు టోపీ కిందపడింది. రెండు చేతులూ బీరువా వెనక్కి పెట్టి, కాలు గోడకు తన్నిపెట్టి లాగాడు. తీగ గోడలోని సిమెంటు ముక్కతో సహా ఊడొచ్చింది. గుయ్యిమనే మోతలో ఒక పొర తగ్గింది. అంకె పన్నెండు వేల దగ్గర ఆగింది. ముగ్గురూ దాన్నే చూశారు. మళ్ళీ కదలలేదు.

"కుట్టుపని ఆవిడది చూడండి," అన్నాడు షావుకారు.

మేడమ్ వెతికింది. ఆ వరుస ఖాళీ. అందరికంటే ముందు చెరిపింది దాన్నే.

షావుకారు కళ్ళు మూసుకున్నాడు. నర్సును విడిపించే ఒక్క రుజువు, కళ్ళముందే గాలికి పోయింది. కళ్ళు తెరిచేసరికి ఇన్‌స్పెక్టరు ఫోను చెవికి పెట్టుకుని ఉన్నాడు. అరచేయి తీగ ఒరుసుకుని ఎర్రగా కమిలింది.

"మందుల గదిలో ఉన్న నర్సును వదిలెయ్యి. అవును, ఇంటికి పంపు. వాళ్ళ అత్తగారు బయటే ఉంటుంది, జాగ్రత్తగా మాట్లాడు." ఫోను పెట్టి షావుకారు వైపు చూడకుండానే అన్నాడు. "వరుస పోతే పోయింది. అందులో ఏముందో నా కళ్ళతో నేను చూశాను. కోర్టులో చెప్తాను. నాకూ నీకూ మాత్రం ఇప్పటికీ పడదు."

"పడొద్దు. ముందు డైరెక్టర్ని పట్టుకో."

"ఫోను చేస్తూనే ఉన్నాను. ఎత్తడం లేదు."

మేడమ్ అప్పటికే మిగిలిన పన్నెండు వేలమంది పేర్లూ అచ్చు తీస్తూ, రెండో చేత్తో ఆసుపత్రులకు ఫోన్లు కలుపుతోంది. షావుకారు ఆ చల్లటి గదిలో చెమటలు తుడుచుకుంటూ లెక్క కట్టుకున్నాడు. వచ్చింది: ఒక నర్సు, ఒక శత్రువు నోటిమాట, పన్నెండు వేల ప్రాణాలు. పోయింది: ముప్పై వేలమంది. వాళ్ళెవరో, ఏ ఊరివాళ్ళో, ఎవరికి ఏ సూది మృత్యువో రాసి ఉన్న జాబితా ఇప్పుడు లోకంలో ఒక్కటే ఉంది. అది ఫోనెత్తని మనిషి జేబులో ఉంది.